తెలివిని తూచే తక్కెడ ఉందా?

మన తెలుగులో ‘తెలివి’ అనే మాటను ఎన్ని రకాలుగా వాడతామో ఎప్పుడైనా గమనించారా పిల్లలూ? స్పృహ తప్పినవారి ముఖాన నీళ్ళు చల్లితే ‘తెలివి వచ్చింది’ అంటాం. లెక్క చకచకా చేసేవాణ్ణి తెలివైనవాడంటాం. విన్నది మరచిపోకుండా అప్పజెప్పేవాడికి ధారణ ఉందంటాం. అడిగిన క్షణంలో తగిన జవాబు చెబితే సమయస్ఫూర్తి, ఎదుటివారి మనసు కనిపెట్టి మసలుకుంటే ఇంగితం, నలుగురిలో పని చక్కబెట్టుకు వస్తే లౌక్యం. ఇవన్నీ ఉన్నా ‘చదువుంది గానీ బుద్ధి లేదు’ అని పెద్దవాళ్ళు ఒక్క మాటలో తేల్చేయడమూ విన్నాం. ఇన్ని పేర్లున్న దాన్ని ఒక పరీక్ష పెట్టి, ఒక అంకెగా రాసి ఇవ్వవచ్చునా? పోనీ కాగితం పక్కన పెట్టి కాసేపు మాట్లాడితే తెలిసిపోతుందా? ఈ వ్యాసంలో ఆ సంగతి చూద్దాం.

మాకు ఇది ఊసుపోక వేసుకున్న ప్రశ్న కాదు. అల్ హైల్ నుంచీ, చుట్టుపక్కల మవాలె, మబేలా, అల్ ఖూద్‌ల నుంచీ పిల్లలు మన బడిలో చేరడానికి వచ్చినప్పుడల్లా ఎవరిని ఏ తరగతిలో కూర్చోబెట్టాలో మేము తేల్చాలి. తొమ్మిదేళ్ళ పిల్లను ఆరేళ్ళవాళ్ళ పక్కన కూర్చోబెడితే ఆ ఏడాదంతా తల ఎత్తదు. అర్థం కాని తరగతిలో కూర్చోబెడితే నోరు ఎత్తదు. రెండు విధాలా పోయేది ఆ పిల్ల తెలుగే.

ఆ మధ్య వేరే ఊరి నుంచి మారి వచ్చిన ఒక అమ్మాయి మా ముందు నిలబడి “నాకు తెలుగు రాదండీ” అంది. తెలుగులోనే అంది! ఆ ఊళ్ళో గుణింతాలు, ఒత్తులు రాయమని పెట్టిన పరీక్షలో ఆమెకు మార్కులు రాలేదు. అప్పటినుంచీ ఆమెకు ఆ పేరే ఉండిపోయింది. సరే, సెలవులకు ఊరికి వెళితే ఏం ఆడతావని అడిగాం. అష్టాచెమ్మా అంది. అదెలా ఆడాలో మాకు చెప్పమన్నాం. ఇక చూడండి, నాలుగు గవ్వలూ వెల్లకిలా పడితే చెమ్మా, నాలుగూ బోర్లా పడితే అష్టా, అప్పుడు ఇంకో పందెం వేయవచ్చు, ఫలానా గడిలో ఉన్న కాయను చంపకూడదు అంటూ పావుగంట సేపు ఎక్కడా తడుముకోకుండా చెప్పింది. మధ్యలో మా టీచరు కావాలని తప్పు గడిలో కాయ పెడితే “తొండి చేయకండి” అని గదమాయించింది కూడా. ఆ పాత పరీక్ష అబద్ధం చెప్పలేదు. ఆమెకు రాయడం రాదన్నది నిజమే. కానీ కాగితం చెప్పింది ‘రాయడం రాదు’ అని. పెద్దలు చదువుకున్నది ‘తెలుగు రాదు’ అని.

తెలివిని కొలిచే పరీక్షల కథంతా కూడా ఇలాంటిదే. అందుకే కాస్త వెనక్కి వెళదాం.

బడి పాఠాలు అందుకోలేకపోతున్న పిల్లలను ఎలా గుర్తించాలో చూడమని 1904లో ఫ్రాన్సు ప్రభుత్వం ఒక సంఘాన్ని వేసింది. అందులో సభ్యుడైన ఆల్ఫ్రెడ్ బినే, తన సహచరుడు థియోడర్ సైమన్‌తో కలిసి 1905లో ముప్ఫై చిన్న చిన్న పనులతో ఒక పరీక్ష తయారుచేశాడు. కదిలే దీపాన్ని కళ్ళతో వెంబడించడం, చెప్పిన అంకెలను తిరిగి చెప్పడం, మాటలకు అర్థాలు చెప్పడం, ఇలా తేలిక నుంచి కష్టానికి. పిల్లవాణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకుని, మాట్లాడుతూ పెట్టే పరీక్ష అది. ఎవరికి సాయం కావాలో తెలుసుకోవడమే దాని పని. తెలివి పుట్టుకతో గీసిన గీత అనీ, ఇక పెరగదనీ అనేవారితో బినే గట్టిగా విభేదించాడు. 1911లో ఆయన చనిపోయాడు.

ఆ తరువాతి సంవత్సరమే జర్మనీలో విలియం స్టెర్న్ ఒక భాగహారం సూచించాడు. 1916లో అమెరికాలో లూయీ టెర్మన్ దాన్ని నూటితో గుణించి ప్రచారంలోకి తెచ్చాడు. మన టీచర్ ట్రైనింగు పుస్తకాల్లో ‘ప్రజ్ఞాలబ్ధి’ అంటారే, అదే ఐక్యూ. ఎనిమిదేళ్ళ పిల్లవాడు సగటున పదేళ్ళవాళ్ళు చేసే పనులు చేస్తే, 10ని 8తో భాగించి 100తో గుణించండి. ఎంత వచ్చింది? 125. ఈ రోజుల్లో ఇలా భాగించరు. అదే వయసు పిల్లల మార్కులతో పోల్చి, సగటును 100గా తీసుకుంటారు. అంటే ఐక్యూ అనేది మన పొడుగులాంటి కొలత కాదు, వరుసలో ఎక్కడ నిలబడ్డామో చెప్పే చోటు. ఈ తేడా తల్లిదండ్రులు తప్పక గుర్తుంచుకోవాలి. పొడుగు కొలవడానికి పక్కవాడు అక్కర లేదు. ఐక్యూకి పక్కవాడు లేకపోతే అర్థమే లేదు.

సాయం కోసం పుట్టిన పరీక్ష సముద్రం దాటగానే వేరే పనికి దిగింది. ఇది మనలాంటి వలస కుటుంబాలు తెలుసుకోదగ్గ కథ. 1913లో హెన్రీ గొడార్డ్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు తన సహాయకులను న్యూయార్కు రేవులోని ఎల్లిస్ దీవికి పంపాడు. ఓడ అడుగు తరగతిలో రోజుల తరబడి ప్రయాణం చేసి, అప్పుడే దిగిన ఇటలీ, హంగరీ, రష్యా మనుషులకు, యూదులకు దుబాసీల సాయంతో బినే ప్రశ్నలు వేయించాడు. పరీక్షించిన వారిలో అయిదింట నాలుగు వంతుల మంది మందబుద్ధులని లెక్క తేలింది! ఆ లెక్క 1917లో అచ్చయింది కూడా. అలసట, భయం, భాష, ఎన్నడూ పెన్సిలు పట్టని చేతులు, ఇవేవీ ఆ అంకెలో కనపడవు.

అదే 1917లో అమెరికా సైన్యం లక్షల మంది సిపాయిలకు పరీక్షలు పెట్టింది. ఇంగ్లీషు చదవలేనివారికి బొమ్మల పరీక్ష. బొమ్మలో ఏమి లోపించిందో గీయాలి. ఒక బొమ్మలో టెన్నిస్ ఆటస్థలం, మధ్యన వల లేదు. మరొక దానిలో గ్రామఫోను, దానికి బాకా లేదు. టెన్నిస్ చూడనివాడు వల ఎలా గీస్తాడు? మాటలు తీసేసినంత మాత్రాన పరీక్షలోంచి ఊరూ, ఇల్లూ పోలేదన్నమాట.

ఇంకొంచెం దగ్గరి కాలానికి వద్దాం. కాలిఫోర్నియాలో ఇంట్లో స్పానిష్ మాట్లాడే తొమ్మిది మంది పిల్లలకు ఇంగ్లీషులో పరీక్ష పెట్టి, మందబుద్ధుల తరగతుల్లో వేశారు. వాళ్ళ తరపున కోర్టుకు వెళ్ళారు. రెండు భాషలూ తెలిసినవారు మళ్ళీ పరీక్షిస్తే చాలామందికి ఆ తరగతి అవసరమే లేదని తేలింది. 1970లో రాజీ కుదిరి, పిల్లల ఇంటి భాషలో కూడా పరీక్షించాలన్న నియమం వచ్చింది. ‘డయానా కేసు’ అని దానికి పేరు. చదువుకున్నవాళ్ళు నడిపే బడుల్లో, మంచి ఉద్దేశంతోనే, ఇది జరిగిందని మరవకూడదు.

మన దేశంలోనూ కొందరు దీనికి దారి వెతికారు. చంద్రమోహన్ భాటియా 1955లో చదువు రానివారికీ పనికొచ్చేలా, రంగు దిమ్మెలు పేర్చడం, బొమ్మ ముక్కలు కలపడం వంటి పనులతో పరీక్షలు ప్రచురించారు. సికింద్రాబాదులో 1984లో మానసిక వికలాంగుల కోసం జాతీయ సంస్థ ఏర్పడింది. ఇప్పుడు దాన్ని ఎన్.ఐ.ఈ.పీ.ఐ.డీ. అంటున్నారు. ఇలాంటి చోట్ల పరీక్ష నిజంగా మేలు చేస్తుంది. ఐక్యూ ఒక్కటే చూసి ఊరుకోరు. పిల్లవాడు సొంతంగా బట్టలు వేసుకోగలడా, డబ్బు గుర్తుపట్టగలడా, రోడ్డు దాటగలడా అని అమ్మానాన్నలను కూర్చోబెట్టుకుని అడుగుతారు. దాన్నిబట్టి శిక్షణ ఇస్తారు. ఎవరైనా డాక్టరు మీ పిల్లవాడికి పరీక్ష అవసరమంటే దయచేసి భయపడకండి, చుట్టాలకు తెలుస్తుందని వాయిదా వేయకండి. మాకు అభ్యంతరం ఉన్నదల్లా పుట్టినరోజు పార్టీలో ‘మా వాడి ఐక్యూ ఇంత’ అని పక్కింటివాళ్ళకు చెప్పడం మీదే.

సరే, కాగితం వద్దు, మాట్లాడి చూద్దాం అంటారా? మాటతో తెలివిని పరీక్షించడం మన తెలుగువాళ్ళకు కొత్త కాదు. దానికోసం మనం ఏకంగా ఒక కళనే తయారుచేసుకున్నాం. అదే అవధానం. దివాకర్ల తిరుపతిశాస్త్రి, చెళ్ళపిళ్ళ వెంకటశాస్త్రి గార్లు, అంటే మన తిరుపతి వేంకట కవులు, ఊరూరా, సంస్థానాల సభల్లో అవధానాలు చేసి దానికి గొప్ప పేరు తెచ్చారు. ఈ కాలంలో మేడసాని మోహన్, గరికిపాటి నరసింహారావు, మాడుగుల నాగఫణిశర్మ గార్ల అవధానాలు మీ అమ్మానాన్నలు వినే ఉంటారు.

అష్టావధానంలో ఎనిమిది మంది ప్రశ్నలు వేసేవారుంటారు. వారిని పృచ్ఛకులంటారు. ఒకరు సమస్య ఇస్తారు, అంటే వినగానే తప్పుగానో, అసంబద్ధంగానో తోచే ఒక పద్యపాదం. మిగతా పాదాలు కూర్చి దానికి నిండైన అర్థం తెప్పించాలి. ఇంకొకరు దత్తపది ఇస్తారు. ఇడ్లీ, దోశె, వడ, పూరీ వంటి నాలుగు మాటలిచ్చి, అవి వచ్చేలా భారతంలోని ఘట్టం మీద పద్యం చెప్పమంటారు. వర్ణన అడిగేవారు ఒకరు, ఆశువు అడిగేవారు ఒకరు. మధ్యమధ్య గంట మోగిస్తారు. ఎన్నిసార్లు మోగిందో చివర్లో చెప్పాలి. ఇవన్నీ ఒకదాని తరువాత ఒకటి పూర్తిచేయడం కాదు. మొదటి విడతలో ప్రతివారికీ ఒక్కొక్క పాదమే చెబుతారు. రెండో విడతలో రెండో పాదం. అన్ని పద్యాలూ సగం సగంగా తలలో మెదులుతుండగా ముందుకు నడవాలి. చివరికి అన్నిటినీ మొదటినుంచీ అప్పజెప్పాలి. అదే ధారణ.

మాకు వీటన్నిటిలోనూ ముచ్చట గొలిపేవి రెండు. మొదటిది నిషిద్ధాక్షరి. అవధాని ఒక్కొక్క అక్షరమే చెబుతూ పద్యం కడుతుంటే, తరువాత ఏ అక్షరం రాబోతుందో పృచ్ఛకుడు ముందే ఊహించి ‘ఆ అక్షరం వాడకూడదు’ అంటాడు. అవధాని వెంటనే దారి మార్చుకోవాలి. ఇది చదరంగంలా ఇద్దరి ఆట. పృచ్ఛకుడికి ఛందస్సు రాకపోతే, అవధాని మనసు ఎటు పోతోందో పట్టుకోలేకపోతే, ఆ పరీక్ష తేలిపోతుంది. కాగితం పరీక్షలో ప్రశ్న వేసినవాడి తెలివి ఎవరికీ కనపడదు. ఇక్కడ సభ ముందు ఇద్దరూ పరీక్ష రాస్తున్నట్టే.

రెండోది అప్రస్తుత ప్రసంగం. అవధాని పద్యం ఆలోచిస్తుంటే మధ్యలో దూరి సంబంధం లేని కబుర్లతో తికమక పెట్టడమే ఈయన పని. ఉదాహరణకు మన సీబ్‌లో ఒక అవధానం జరిగిందని ఊహించుకుందాం. “అవధానిగారూ, ఒమన్‌లో పెద్ద వాన పడితే బడికి సెలవిస్తారు, మా ఊళ్ళో ఎండలు ముదిరితే సెలవిస్తారు. ఎందుకండీ ఈ తేడా?” అని ఒకరడిగారు. “ఇక్కడ వాన చుట్టం నాయనా, వచ్చిందంటే సెలవే. అక్కడ ఎండ ఇంటి యజమాని, కోప్పడితే సెలవు” అన్నారనుకోండి. సభ నవ్వుతుంది. ఆ నవ్వులో అవధాని తన పద్యం మరచిపోకూడదు. చదువు, జ్ఞాపకం, చమత్కారం, ఎదుటివాణ్ణి నొప్పించని మర్యాద, అన్నీ ఒక్క నిమిషంలో బయటపడతాయి. ఏ అంకె వేస్తారు దీనికి? సభలో మార్కులు వేసే వాడుకే లేదు. ఫలానా సమస్య ఎలా పూరించారో చెప్పుకుంటూ జనం ఇళ్ళకు వెళతారు.

అయితే అవధానం మొత్తం తెలివిని చూపిస్తుందని మేమనం. ఛందస్సు, సంస్కృతం, పురాణాలు నేర్చుకునే వీలున్నవారికే ఆ వేదిక దక్కింది. తరతరాలుగా ఆడవాళ్ళకూ, ఎన్నో కులాలవాళ్ళకూ ఆ చదువే అందలేదు. చెరువు నీళ్ళు ఏ పొలానికి ఎంతసేపు వదలాలో తూచినట్టు చెప్పే నీరటికి ఏ సభలో సన్మానం జరిగింది? మనం ఉంటున్న ఈ దేశంలోనే ఫలజ్ కాలువల నీటి వంతులను పగలు నీడను బట్టి, రాత్రి నక్షత్రాలను బట్టి పంచిన పెద్దలున్నారు. ఆ ఫలజ్‌లలో అయిదింటిని యునెస్కో 2006లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ లెక్క చేసినవారిలో ఎందరు బడి మొహం చూసి ఉంటారు?

మాటల్లో పెట్టే పరీక్షకు ఇంకో చిక్కు కూడా ఉంది. లైబీరియా దేశంలో క్పెల్లే అనే జాతి రైతుల ముందు తిండి వస్తువులు, పనిముట్లు, గిన్నెలు, బట్టలు కలిపి పోసి, జతపడేవి ఒకచోట పెట్టమన్నారు పరిశోధకులు. పండ్లన్నీ ఒకచోట, కత్తులన్నీ ఒకచోట పెడితే తెలివి అని వాళ్ళ లెక్క. రైతులు మాత్రం కత్తి పక్కన పండు పెట్టారు. ఎందుకంటే కత్తి ఉన్నది కోయడానికే కదా! తెలివైనవాడు ఇలాగే చేస్తాడని కూడా అన్నారట. చివరికి విసిగిపోయి “తెలివితక్కువవాడైతే ఎలా పెడతాడు?” అని అడిగారు పరిశోధకులు. రైతులు వెంటనే పండ్లు ఒకచోట, పనిముట్లు ఒకచోట చక్కగా సర్దేశారు! ఈ కథ 1970ల నుంచీ మనస్తత్వ శాస్త్రం పాఠాల్లో చెబుతున్నారు. మన వంటింట్లో పోపుల డబ్బా చూడండి. ఆవాలు, జీలకర్ర, మినప్పప్పు, ఎండుమిర్చి ఒకే డబ్బాలో ఎందుకుంటాయి? అమ్మకు రకాలు తెలియక కాదు.

ఇక మీరు ఎదురుచూస్తున్న కంప్యూటర్ల సంగతి. మనిషిలాగే యంత్రానికీ మాటలతోనే పరీక్ష పెట్టాలన్నాడు ఇంగ్లండుకు చెందిన అలన్ ట్యూరింగ్, 1950లో. తెర వెనుక ఉన్నది మనిషో యంత్రమో, రాతతో సాగే సంభాషణలో పోల్చుకోలేకపోతే అది ఆలోచిస్తోందని ఒప్పుకోవచ్చు కదా అన్నది ఆయన వాదన. ఆయన పేరున ఇచ్చే ట్యూరింగ్ అవార్డును 1994లో మన రాజ్ రెడ్డిగారు ఇంకొకరితో కలిసి అందుకున్నారు. 1937లో చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన ఈయన, మనిషి మాటను యంత్రం వినేలా చేసే పరిశోధనలో మొదటి తరంవారు. మీరు ఫోనుతో మాట్లాడితే అది అర్థం చేసుకుంటోందంటే అందులో ఆయన పాలు కొంత ఉంది.

1966లో జోసెఫ్ వైజెన్‌బామ్ ‘ఎలైజా’ అనే చిన్న ప్రోగ్రాము రాశాడు. మనం ‘నాకు దిగులుగా ఉంది’ అంటే అది ‘మీకు దిగులుగా ఎందుకుంది?’ అనే తరహాలో మన మాటనే తిప్పి మనకు అప్పజెబుతుంది. అంతకు మించి దానికి ఏమీ తెలియదు. అయినా ఆయన దగ్గర పనిచేసే సెక్రటరీ దానితో మాట్లాడుతూ, కాసేపు గది బయటికి వెళ్ళమని ఆయననే అడిగిందట! 2025లో శాన్ డియేగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పరిశోధకులు అయిదు నిమిషాల సంభాషణలు జరిపించారు. ఫలానా రకం మనిషిలా నటించమని చెప్పినప్పుడు జీపీటీ 4.5 అనే యంత్రాన్ని నూటికి 73 సార్లు మనిషే అనుకున్నారు. ఆ సూచన ఇవ్వకపోతే 36 సార్లే. అంటే సంభాషణలో పరీక్షకు నిలిచింది తెలివా, వేషమా? మాకు వేషం పాలే ఎక్కువనిపిస్తుంది. తెర వెనుక ఉన్నదాన్ని కొలుస్తున్నామనుకుంటూ, చాలాసార్లు తెర ముందున్న మన నమ్మకాన్నే కొలుచుకుంటున్నాం. ధారాళంగా మాట్లాడే పిల్లవాణ్ణి చూసి మురిసిపోయి, మాట తక్కువ పిల్లవాణ్ణి వెనక్కి నెట్టే పెద్దల విషయంలోనూ ఇదే జరుగుతుంది. కాబట్టి మాట్లాడి చూడటం కూడా ఒక్కసారితో, ఒక్కరితో తేలే పని కాదు.

అందుకని మన బడిలో కొత్త పిల్లలతో ఇద్దరు టీచర్లు వేర్వేరు రోజుల్లో కూర్చుంటాం. వీలైతే ఒకరు ఆ పిల్లల ఇంటి యాస తెలిసినవారై ఉంటారు. బొమ్మ చూపిస్తే ఒకరు వేరుశనగ అంటారు, ఒకరు పల్లీలంటారు, ఒకరు శనక్కాయలంటారు. మూడూ సరైన జవాబులే. చదవడం, రాయడం విడిగా చూస్తాం. బకాలాలో మలయాళీ దుకాణదారుకి అమ్మ మాట హిందీలో చెప్పి, మళ్ళీ ఆయన మాట అమ్మకు తెలుగులో చెప్పే పిల్లలు మన దగ్గర చాలామంది. అదీ అడిగి రాసుకుంటాం. చివరికి తల్లిదండ్రులకు ఇచ్చేది అంకె కాదు, నాలుగు వాక్యాలు. ఏమి వచ్చు, ఏమి రాదు, ఏది ముందు నేర్పాలి, ఇంట్లో ఏం చేయాలి. మార్కులు ఎన్నని అడిగేవారు ఇప్పటికీ ఉన్నారు, వాళ్ళకు మళ్ళీ అవే నాలుగు వాక్యాలు చదివి వినిపిస్తాం.

పిల్లలూ, ఇక మీకు ఇంటిపని. ఈ సెలవుల్లో ఇంట్లో ఒక బాలావధానం చేయండి. పద్యాలు రాకపోయినా ఫరవాలేదు, మాటలు చాలు. అవధానిగా ఒకరు కూర్చోండి. నాన్న నాలుగు మాటలిస్తారు: ఒంటె, ఇడ్లీ, సముద్రం, బస్సు. అవి వచ్చేలా ఒక కథ చెప్పాలి, కానీ విడతకు ఒక్క వాక్యమే. అక్క ఒక అక్షరాన్ని నిషేధిస్తుంది. ‘క’ అనుకోండి, ఆ అక్షరం రాకుండా మీ బడి గురించి మూడు వాక్యాలు చెప్పాలి. తమ్ముడు ఎప్పుడు కావాలంటే అప్పుడు అడ్డు తగిలి ‘రేపు టిఫినేంటి’ లాంటి ప్రశ్నలు వేస్తాడు. వాడికి కోప్పడకుండా జవాబు చెప్పాలి. అమ్మ తనకు తోచినప్పుడల్లా గంట కొడుతుంది, ఎన్ని గంటలో చివర్లో చెప్పాలి. ఆ తరువాత కథంతా మొదటినుంచీ అప్పజెప్పాలి. పూర్తయ్యాక స్థానాలు మారండి. ఈసారి అమ్మ అవధాని, మీరు పృచ్ఛకులు. ప్రశ్న వేయడం కష్టమా, జవాబు చెప్పడం కష్టమా అన్నది రాసుకుని వచ్చే శుక్రవారం తరగతికి తీసుకురండి. గంట లేకపోతే స్టీలు గ్లాసు, చెంచా చాలు.